ఊపిరి లెక్కపెట్టండి: ఆసుపత్రుల నిర్వాహకులకు, వైద్యులకు, ఆరోగ్యశాఖ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను 22 ఏళ్లుగా పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్ నుంచి మీరు పంపిన ముక్కను పల్చగా కోసి, రంగువేసి, స్లైడుగా చేసి పాథాలజిస్టు ముందు పెట్టడం నా పని. మీ కష్టం నాకు తెలుసు. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ ఎన్ని మంచాలు చూసుకోవాల్సి వస్తుందో కూడా తెలుసు. కాబట్టి సూటిగా విషయానికి వస్తాను. ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం తీసే సెప్సిస్‌ను వేళకు గుర్తుపట్టకపోవడం గురించే ఈ లేఖ.

మా తమ్ముడికి 36 ఏళ్లు. షుగర్ లేదు, బీపీ లేదు. రేకు అంచు తగిలి పిక్క మీద గీసుకుపోయిన నాలుగో రోజున చనిపోయాడు. జరిగినదంతా రాసి, కేస్ షీటు నకలు జతచేసి ఆసుపత్రి యాజమాన్యానికి ఒక ఉత్తరం, పై అధికారులకు ఇంకో ఉత్తరం పంపాను. మొదటిదానికి "మీ ఉత్తరం అందింది" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. రెండోదానికి అదీ రాలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాను. ఆసుపత్రి పేరు, డాక్టర్ల పేర్లు రాయడం లేదు. ఆ రాత్రి జరిగినలాంటిది చాలా చోట్ల, చాలా రాత్రులు జరుగుతోంది. ఒక పేరు రాస్తే మిగతావాళ్లంతా "అది మన గురించి కాదులే" అనుకుంటారు.

ఆదివారం సాయంత్రం గీసుకుంది. రెండు అంగుళాల గాయం కూడా కాదు. సోమవారం రాత్రి చలిజ్వరం వచ్చింది, పిక్కలో నొప్పి మొదలైంది. మంగళవారం పొద్దున ఓపీకి తీసుకెళ్లాం. అప్పటికి గాయం చుట్టూ కాస్త ఎర్రబడింది, అంతే. నొప్పి మాత్రం ఆ ఎరుపుకు తగ్గట్టు లేదు. దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేవాడు. "కండరం పట్టేసింది, తగ్గిపోతుంది" అని ఇంజెక్షన్ చేసి, మాత్రలు రాసిచ్చి పంపేశారు. ఆ రాత్రి 11 గంటలకు మళ్లీ తీసుకెళ్తే చేర్చుకున్నారు. సెలైన్ పెట్టారు. నొప్పికి మళ్లీ మందిచ్చారు.

ఊపిరి వేగంగా ఆడుతోందని మా మరదలు గమనించింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, అతని ఛాతీ మీద చెయ్యి వేసి నిమిషం పాటు లెక్కపెట్టింది. 34. వెళ్లి సిస్టర్‌కి చెప్పింది. "టెన్షన్ పడుతున్నారమ్మా, నిద్రపోతే తగ్గిపోతుంది" అన్నారు. తర్వాత కేస్ షీటు నకలు చూస్తే ఆ రాత్రి నాలుగుసార్లు ఊపిరి లెక్క రాసి ఉంది: 20, 20, 20, 20. నాలుగూ ఒకే చేతిరాత.

తెల్లవారుజామున మా తమ్ముడు "అక్కా, నొప్పి పోయింది" అన్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఏడు గంటలకల్లా కాలు ఊదారంగుకు తిరిగి నీటిపొక్కులు లేచాయి. బీపీ 80కి పడిపోయింది, మాట తడబడింది. మొదటి యాంటీబయాటిక్ ఎక్కించిన టైము కేస్ షీటులోనే ఉంది: ఉదయం 9.40. చేర్చుకున్నప్పటి నుంచి 10 గంటల 40 నిమిషాలు. మధ్యాహ్నం ఆపరేషన్ చేశారు. గురువారం తెల్లవారకముందే పోయాడు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ రాత్రి నేనూ మంచం పక్కనే ఉన్నాను. ఈ జబ్బు స్లైడును నా చేత్తో ఎన్నోసార్లు తయారుచేశాను. కళ్లముందు మనిషిలో ఉంటే గుర్తుపట్టలేకపోయాను. ఆ బాధ నన్ను వదలదు. రోగిని పరీక్షించి జబ్బు పట్టుకోవడం నాకు నేర్పిన పని కాదు. అది నేర్చుకున్నవాళ్లు ఆ రాత్రి ముగ్గురు ఆ మంచం దగ్గరికి వచ్చి వెళ్లారు.

నెల తర్వాత అనుమతి తీసుకుని ఆ స్లైడు తెప్పించుకున్నాను. మా పాథాలజిస్టు మేడమ్ పక్కన కూర్చుని చూశాను. చర్మం పైపొర చాలామేర మామూలుగానే ఉంది. దాని కింద, కొవ్వుకీ కండరానికీ మధ్య ఫేసియా అనే తెల్లటి పొర ఉంటుంది. అదంతా చచ్చిపోయింది. బతికున్న కణంలో కేంద్రకం నీలంగా రంగు పట్టాలి. అక్కడ కేంద్రకాలే మిగల్లేదు, అంతా వెలిసిపోయిన గులాబీరంగు. అంచుల్లో న్యూట్రోఫిల్ కణాలు, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు, గుంపులు గుంపులుగా చేరాయి. చిన్న రక్తనాళాలు ఒకదాని తర్వాత ఒకటి వెతికాం. చూసినవన్నీ గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోయి ఉన్నాయి. బ్యాక్టీరియా కనిపించేలా గ్రామ్ రంగు వేసిన రెండో స్లైడులో ఊదారంగు గుండ్రటి బ్యాక్టీరియా పూసలదండలా వరసకట్టి కనిపించింది. కల్చర్‌లో, అంటే బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, పేరు తేలింది: స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్. పిల్లలకు గొంతునొప్పి తెచ్చేదీ ఇదే.

ఆ రాత్రి అర్థంకానిదంతా ఆ స్లైడులో ఉంది. జబ్బు లోపలి పొరలో పాకుతోంది కాబట్టి పైన చర్మం మామూలుగా కనిపించింది, నొప్పి మాత్రం భరించలేనంత ఉంది. రక్తనాళాలు మూసుకుపోతే మందు అక్కడికి చేరదు. అందుకే ఇందులో యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, చచ్చిన భాగాన్ని కోసి తీసేయాలి. ఇక తెల్లవారుజామున నొప్పి పోయిందంటే, అక్కడి నరాలు కూడా చచ్చిపోయాయి. మేం సంతోషపడ్డ ఆ నిమిషమే అన్నిటికంటే ప్రమాదకరమైన నిమిషం.

దీన్ని నెక్రోటైజింగ్ ఫేసియైటిస్ అంటారు. అరుదైనదే, కానీ కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల్లో చూసిన ఇలాంటి కేసుల గురించి జోసెఫ్ జోన్స్ అనే వైద్యుడు 1871లోనే రాశాడు. ఇప్పుడు వాడుతున్న పేరు 1952లో వచ్చింది. గాయానికి మించిన నొప్పి ఉంటే దీన్ని అనుమానించాలన్నది మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాటే.

మా తమ్ముడిని చంపింది కాలు కాదు, సెప్సిస్. ఈ మాట దగ్గరే మనవాళ్లు మోసపోతున్నారు. గాయం కాస్త చీముపడితే చాలు, "సెప్టిక్ అయింది" అనేస్తాం. ఆ మాట అంత చిన్నదైపోయింది. అందుకే డాక్టర్ వచ్చి "సెప్సిస్" అంటే ఇంట్లోవాళ్లు పుండు గురించి చెబుతున్నారనుకుంటారు, "డ్రెస్సింగ్ మారిస్తే తగ్గుతుందా?" అని అడుగుతారు. మేమూ అలాగే అడిగాం. 2016లో నిపుణులు ఖరారు చేసిన నిర్వచనం ప్రకారం ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి, సొంత అవయవాలనే ప్రాణం మీదికి వచ్చేంతగా దెబ్బతీసుకోవడం సెప్సిస్. న్యుమోనియా నుంచి రావచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ నుంచి, పేగుకు రంధ్రం పడిన టైఫాయిడ్ నుంచి, గుండె కవాటం మీద పేరుకున్న స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా నుంచి రావచ్చు. మొదలు ఏదైనా చివరికి స్లైడు మీద మేం చూసేవి ఒకేలా ఉంటాయి. ఊపిరితిత్తుల్లో గాలి అరల గోడలకు గాజులాంటి పొర అంటుకుపోతుంది. కిడ్నీ గొట్టాల కణాలు ఊడిపోతాయి. చిన్న రక్తనాళాల్లో సన్నని గడ్డలు కడతాయి. మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ బ్యాక్టీరియా అయితే కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రక్తంతో నిండిపోతాయి.

2017 సంవత్సరానికి వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చింది, 1 కోటి 10 లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది చనిపోయిన ప్రతి ఐదుగురిలో ఒకరి మరణంలో సెప్సిస్ ఉంది. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ దీనిమీద తీర్మానం చేసి, నివారణ, గుర్తింపు, చికిత్స మెరుగుపరచమని ప్రభుత్వాలన్నిటినీ కోరింది.

ఇక మామూలు మనుషులకు ఏం జరుగుతోందో, మీరేం చెయ్యాలని అడుగుతున్నామో చెబుతాను.

1. ఊపిరిని నిజంగా లెక్కపెట్టండి. బీపీకి మిషన్ ఉంది, ఆక్సిజన్‌కు వేలికి పెట్టే క్లిప్ ఉంది, జ్వరానికి థర్మామీటర్ ఉంది. ఊపిరికి మాత్రం ఒక మనిషి ఒక నిమిషం నిలబడాలి. ఆ నిమిషం దొరకదు, అందుకే 20 అని రాసేస్తారు. సెప్సిస్‌లో తరచుగా బీపీ పడిపోవడం కంటే ముందే ఊపిరి వేగం పెరుగుతుంది. రోగి పరిస్థితి దిగజారుతోందా అని పాయింట్లు వేసి చూడటానికి బ్రిటన్‌లో ఆసుపత్రులు వాడే నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోరులో నిమిషానికి 25, అంతకు మించితే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు వేస్తారు, వెంటనే ఎవరో ఒకరు వచ్చి చూడాలి. మా మరదలు లెక్కపెట్టిన 34ని రాసి ఉంటే డాక్టర్‌ని నిద్రలేపాల్సి వచ్చేది. వార్డుకు ఒక గోడ గడియారం, ఒక స్కోరు ఛార్టు, స్కోరు దాటితే ఎవరిని పిలవాలో రాసిన ఒక నంబరు. దీనికి కొత్త యంత్రాలేమీ కొననక్కర్లేదు. రాత్రి డ్యూటీకి ఇంకొందరు సిస్టర్లను వేయాలి. అది వాళ్ల చేతుల్లో లేదు, అధికారులారా, మీ చేతుల్లో ఉంది.

2. ఇంట్లోవాళ్ల మాట ఛార్టులో రాయండి. "మనిషి ఎప్పటిలా లేడు" అని భార్య అంటే అది టెన్షన్ మాట కాదు, ఒక లక్షణం. కొంచెం తికమకగా మాట్లాడుతున్నాడన్న సంగతి మొదట పట్టుకునేది అతన్ని రోజూ చూసేవాళ్లే. న్యూయార్క్‌లో 12 ఏళ్ల రోరీ స్టాంటన్ 2012లో బాస్కెట్‌బాల్ ఆడుతూ చెయ్యి గీసుకుని, మా తమ్ముడికి వచ్చిన బ్యాక్టీరియాతోనే సెప్సిస్ వచ్చి చనిపోయాడు. మొదట కడుపులో ఇబ్బంది అనుకుని ఇంటికి పంపేశారు. ఆ తల్లిదండ్రుల పోరాటంతో 2013లో ఆ రాష్ట్రం ఆసుపత్రులన్నీ సెప్సిస్‌ను గుర్తించే పద్ధతి పాటించాలని నిబంధన పెట్టింది. ఇంగ్లండ్‌లో 13 ఏళ్ల మార్తా మిల్స్ 2021లో సెప్సిస్‌తో చనిపోయాక, రోగి పరిస్థితి దిగజారుతోందని అనుమానం వస్తే కుటుంబమే వేరే డాక్టర్ల బృందాన్ని పిలిచే హక్కు 2024 నుంచి అమల్లోకి తెస్తున్నారు. అలాంటి హక్కు, పిలవడానికి ఒక ఫోన్ నంబరు, ప్రతి ఆసుపత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలని అడుగుతున్నాం.

3. మొదటి యాంటీబయాటిక్ ఏ టైముకు పడిందో రాయండి, ఆ లెక్కలు నెలనెలా బయటపెట్టండి. సెప్టిక్ షాక్ ఉంటే, అంటే సెప్సిస్ వల్ల బీపీ ప్రమాదకరంగా పడిపోతే, గంటలోపు, షాక్ లేకుండా సెప్సిస్ అనుమానం మాత్రమే ఉంటే త్వరగా పరీక్షించి 3 గంటలలోపు అని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బీపీ పడిపోయాక సరైన మందు పడటం ఆలస్యమయ్యే ప్రతి గంటకూ, మొదటి ఆరు గంటల్లో, బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గిందని 2006లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది.

ప్రతి జ్వరానికీ యాంటీబయాటిక్ ఇమ్మని నేను అడగడం లేదు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లోనే ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా. ఆ భయం మా ల్యాబ్‌వాళ్లకు అందరికంటే ఎక్కువ. అందుకే నాలుగో పాయింటు.

4. మందు ఎక్కించే ముందు రక్తం తీయండి, సరిపడా తీయండి. ఈ విషయంలో నాకు మాట్లాడే అర్హత ఉందనుకుంటాను. మైక్రోబయాలజీ గది మా గదికి ఆనుకునే ఉంది. అక్కడికి రోజూ వచ్చే బ్లడ్ కల్చర్ సీసాలు చూస్తుంటాను. పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్లు ఉండాలి, రెండు సెట్లు, అంటే నాలుగు సీసాలు, రావాలి. వచ్చేది ఒక సీసా, అందులో 2 మిల్లీలీటర్లు. అదీ మూడు రోజులు యాంటీబయాటిక్ పడ్డాక. అందులో ఏం పెరుగుతుంది? "పెరుగుదల లేదు" అని రిపోర్టు వెళ్తుంది. ఇంట్లోవాళ్లు అది చూసి ఇన్ఫెక్షన్ లేదనుకుంటారు, డాక్టర్ ఇంకో పెద్ద మందు మారుస్తాడు. ఏ బ్యాక్టీరియానో తెలియకుండానే మనిషి పోతాడు, లేదా బతికి ఇంటికి వెళ్తాడు. రెండింట్లోనూ ఎవరికీ ఏమీ తెలియదు. కల్చర్ కోసం మందు 45 నిమిషాలకు మించి ఆపకూడదు, అది నిజం. కానీ రక్తం తీయడానికి ఐదు నిమిషాలు చాలు. చీము దొరికితే గ్రామ్ రంగు వేసి చూడటానికి పావుగంట. 1884 నుంచి మన చేతిలో ఉన్న పరీక్ష అది. రాత్రి ల్యాబ్ మూసి ఉండటం వల్ల ఆ పావుగంట పని పొద్దున్నదాకా ఆగుతోంది. 24 గంటలూ ల్యాబ్ తెరిచి ఉంచండి.

ఇంకో సంగతి. మట్టిలో, నీటిలో ఉండే బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియా ఉంది, అది తెచ్చే జబ్బు మెలియాయిడోసిస్. 1912లోనే రంగూన్ నుంచి విట్‌మోర్, కృష్ణస్వామి దాని గురించి రాశారు. షుగర్ ఉన్నవాళ్ల మీద ఎక్కువగా పడుతుంది. మొదట వేసే చాలా మందులకు లొంగదు. సరైన మందు ఇంజెక్షన్లుగా కనీసం 10 రోజులు, ఆ తర్వాత నెలల తరబడి మాత్రలు వాడాలి. కల్చర్‌లో పెరిగినా తెలియనివాళ్లు "బయటి నుంచి పడ్డ మలినం" అని పారేస్తారు. మా టెక్నీషియన్లకు దీన్ని గుర్తుపట్టే శిక్షణ ఇప్పించండి. నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాం.

5. గాయానికి మించిన నొప్పి ఉంటే సర్జన్‌ని పిలవండి. స్కాన్ కోసం, పొక్కుల కోసం ఆగకండి. మత్తిచ్చి చిన్న కోత పెట్టి వేలు పెడితే, మామూలుగా గట్టిగా అంటుకుని ఉండాల్సిన పొరలు అడ్డం లేకుండా విడిపోతాయి. రక్తం కారదు, బూడిదరంగు నీళ్లు వస్తాయి. మా తమ్ముడి ఆపరేషన్ నోట్సులో సరిగ్గా ఇదే రాసి ఉంది, బుధవారం మధ్యాహ్నం తేదీతో. మంగళవారం రాత్రి రాసి ఉండాల్సింది.

6. ఇంటికి పంపేటప్పుడు "మళ్లీ ఎప్పుడు పరుగెత్తుకు రావాలి" అన్నది కాగితం మీద తెలుగులో రాసివ్వండి. మాకు మాత్రల చీటీ ఇచ్చారు, అంతే. ఆ కాగితంలో ఇవి ఉండాలి: ఆయాసం, మగత, తికమక మాటలు, పన్నెండు గంటలుగా మూత్రం రాకపోవడం, చేతులూ కాళ్లూ చల్లబడి మచ్చలు కట్టడం, ఎన్నడూ ఎరగనంత నొప్పి. గాజు గ్లాసు పెట్టి నొక్కినా మాయం కాని ఎర్రటి, ఊదారంగు మచ్చలు వస్తే ఒక్క క్షణం ఆగకూడదు. మెనింగోకాకస్ 24 గంటల్లో ప్రాణం తీయగలదు. పసికందులకు జ్వరమే రాకపోవచ్చు. పాలు తాగడం మానేస్తారు, ఒళ్లు చల్లబడుతుంది, కదిలిస్తే తప్ప కదలరు. ముసలివాళ్లలోనూ అంతే, జ్వరం లేకుండా ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోవడమే మొదటి గుర్తు కావచ్చు. "జ్వరం లేదుగా" అని వెనక్కి పంపకండి. బాలింతకు కడుపునొప్పి, దుర్వాసన, గుండెదడ ఉంటే "అలసట" అనకండి.

7. మరణ ధ్రువపత్రంలో అసలు కారణం రాయండి. మా తమ్ముడి పత్రంలో "గుండె, శ్వాస ఆగిపోవడం" అని ఉంది. చనిపోయిన ప్రతి మనిషికీ ఆగేవి అవే. స్ట్రెప్టోకాకస్ లేదు, సెప్సిస్ లేదు, ఫేసియైటిస్ లేదు. లెక్కలో లేని చావుకు బడ్జెట్ రాదు, శిక్షణ రాదు. ఆ పత్రాన్ని సరిచేయమని కూడా అడుగుతున్నాను. అతని కూతురికి ఇప్పుడు ఆరేళ్లు. పెద్దయ్యాక ఆ కాగితం చదివితే తన నాన్న గుండెజబ్బుతో పోయాడనుకుంటుంది.

8. బతికినవాళ్లను మర్చిపోకండి. బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) నుంచి బయటపడ్డ ప్రతి ఐదుగురిలో ఒకరికి వినికిడి పోవడం, ఫిట్స్ లాంటి శాశ్వత లోపం మిగులుతుంది. సెప్సిస్ తర్వాత కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లు, మతిమరుపుతో, నీరసంతో ఉద్యోగం చెయ్యలేనివాళ్లు ఉన్నారు. డిశ్చార్జ్ అయ్యాక వాళ్లను మళ్లీ చూసే డాక్టర్ ఎవరో ఆ రోజే రాసివ్వండి.

సెప్టెంబర్ 13న ప్రపంచ సెప్సిస్ దినం. ఆ రోజు బ్యానర్లు కడతారు, చేతులు శుభ్రం చేసుకోమని చెబుతారు. మంచిదే. ఈసారి ఆ రోజుకల్లా ప్రతి ఆసుపత్రి రెండు అంకెలు ప్రకటించాలని అడుగుతున్నాం: వార్డులో చేరిన రోగుల్లో ఎంతమందికి ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టారు, సెప్సిస్ అనుమానించిన వాళ్లకు మొదటి యాంటీబయాటిక్ ఎన్ని నిమిషాలకు పడింది. మొదటి ఏడాది అంకెలు బాగోకపోయినా నిందించం.

కేస్ షీటు నకలు, ఆపరేషన్ నోట్సు, స్లైడు నా దగ్గర ఉన్నాయి. డాక్టర్లకు, సిస్టర్లకు శిక్షణలో చూపించడానికి పనికొస్తాయంటే ఇస్తాను. మీరు పిలిస్తే నేనూ మా మరదలూ వస్తాం. ఆ రాత్రి ఆమె ఎలా లెక్కపెట్టిందో ఆమే చూపిస్తుంది.

ఇట్లు,
ఒక పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్